కమాండ్ లైన్‌లో రాస్టర్ రీప్రొజెక్షన్: ఏ టూల్, ఏ గ్రిడ్, ఏ రీశాంప్లింగ్?

రాస్టర్‌ను, అంటే పిక్సెళ్లలో అంకెలున్న పటాన్ని, ఒక నిర్దేశాంక వ్యవస్థ (సీఆర్‌ఎస్) నుంచి మరోదానికి మార్చడానికి ఒక్క లైను కమాండు చాలు. పాడు చేయడానికీ ఆ ఒక్క లైనే చాలు. తప్పు ఆప్షన్ ఇచ్చినా ప్రోగ్రాం బుద్ధిగా నూరు శాతం దాకా లెక్కపెట్టి, చూడ్డానికి బాగానే ఉన్న ఫైలును చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. వర్గీకరణలో లేని క్లాసు పుట్టుకొచ్చిందనో, జనాభా మొత్తం నాలుగింతలైందనో తెలిసేసరికి ఆ ఫైలు మీద ఇంకో పది లెక్కలు జరిగిపోయి ఉంటాయి. అందుకే ఏ టూల్ వాడాలన్నది రెండో ప్రశ్న. పిక్సెల్‌లో ఉన్న అంకె దేన్ని చెబుతోంది అన్నది మొదటిది. మిగతా ఎంపికలు చాలావరకు దాన్నుంచే తేలతాయి.

ఇక్కడ కమాండ్లు, ఆప్షన్లు తెలుగు లిపిలో రాసి ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు వార్ప్ చేయాలా?

రీప్రొజెక్షన్ (వార్ప్ అన్నా అదే) అంటే కొత్త గ్రిడ్ గీసి, పాత పిక్సెళ్లను చూసి కొత్త విలువలు పుట్టించడం. ఆ పుట్టించే పద్ధతే రీశాంప్లింగ్. ఆ ఫైలును మళ్లీ వెనక్కి తిప్పినా పాత విలువలు తిరిగి రావు. వెక్టర్‌కు, అంటే బిందువులు, గీతలు, బహుభుజుల డేటాకు, ఈ బాధ లేదు, దాని బిందువులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి లెక్క ప్రకారం జరుగుతాయి అంతే. కాబట్టి పొలాల సరిహద్దుల లోపల సగటు తీయడం, సర్వే పాయింట్ల దగ్గర విలువ చదవడం లాంటి పనులకు రాస్టర్‌ను ముట్టుకోకండి. జీడాల్ అనే లైబ్రరీతో వచ్చే ఓజీఆర్2ఓజీఆర్‌తో వెక్టర్‌నే రాస్టర్ ఉన్న సీఆర్‌ఎస్‌లోకి తీసుకెళ్లండి. మ్యాప్‌లో చూసుకోవడానికే అయితే క్యూజిస్ లాంటి సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు ప్రొజెక్షన్ మార్చి చూపిస్తుంది, కొత్త ఫైలు అక్కర్లేదు.

ఇంకో గందరగోళం లేబుల్‌కూ వార్ప్‌కూ మధ్య. జీడాల్_ఎడిట్‌లో గానీ జీడాల్_ట్రాన్స్‌లేట్‌లో గానీ ఉండే -ఏ_ఎస్ఆర్ఎస్ ఆప్షన్ హెడర్‌లో సీఆర్‌ఎస్ పేరు రాస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. ఫైలులో సీఆర్‌ఎస్ సమాచారం పోయినప్పుడో తప్పుగా ఉన్నప్పుడో మాత్రమే దాని అవసరం. యూటీఎంలో (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే సీఆర్‌ఎస్) ఉన్న ఫైలుకు ఈపీఎస్‌జీ:4326 (డిగ్రీల్లో ఉండే అక్షాంశ రేఖాంశాల కోడు) అని లేబుల్ అంటిస్తే అది డిగ్రీల్లోకి మారదు, భూగోళం మీద లేని చోటికి పోతుంది. ముందు జీడాల్‌ఇన్ఫో నడిపి మూల బిందువు అంకెలు చూడండి. లక్షల్లో ఉంటే మీటర్లు, -180 నుంచి 180 మధ్య ఉంటే దాదాపు ఖాయంగా డిగ్రీలు. ఈ ఒక్క చూపు చాలా పొరపాట్లను ఆపుతుంది.

వార్ప్ తప్పదనుకుంటే ఒక్కసారే చేయండి. సైనుసాయిడల్ ప్రొజెక్షన్‌లో వచ్చిన మోడిస్ ఉపగ్రహ డేటాను మొదట 4326లోకి, అక్కడి నుంచి యూటీఎంలోకి మారిస్తే రీశాంప్లింగ్ నష్టం రెండుసార్లు పడుతుంది. అసలు ఫైలు నుంచి చివరి గ్రిడ్‌కు నేరుగా వెళ్లాలి.

టూళ్లు: ఎవరికి ఏది

మామూలు పనికి జీడాల్‌వార్ప్. ఇందులో పెద్దగా చర్చ లేదు. మిగతా టూళ్లలో సగం లోపల అదే లైబ్రరీని వాడతాయి. ఒకే కమాండులో సీఆర్‌ఎస్ మార్పు, గ్రిడ్ సర్దుబాటు, కత్తిరింపు, మొజాయిక్ (ఫైళ్లను అతకడం) అన్నీ అవుతాయి. వేర్వేరు సీఆర్‌ఎస్‌లలో ఉన్న ఫైళ్లను కలిపి ఇచ్చినా ప్రతిదాన్నీ దాని సొంత సీఆర్‌ఎస్ నుంచి మారుస్తుంది. జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీ అలా చేయలేదు, దానికి అన్నీ ఒకే సీఆర్‌ఎస్‌లో ఉండాలి. ఫైళ్లు ఒకదానిమీద ఒకటి పడేచోట జాబితాలో చివర ఇచ్చింది పైన ఉంటుందని గుర్తుంచుకోండి.

జీడాల్‌వార్ప్‌లో కొత్తవాళ్లను బాగా ఇబ్బంది పెట్టేది, అవుట్‌పుట్ ఫైలు ముందే ఉంటే దాని ప్రవర్తన. -ఓవర్‌రైట్ ఇవ్వకపోతే అది ఫైలును కొత్తగా సృష్టించదు. పాత ఫైలులోకే, దాని పాత హద్దుల్లోకే, పాత రిజల్యూషన్‌లోకే విలువలు రాస్తుంది. ఆప్షన్లు మార్చి మళ్లీ నడిపినా ఫలితం అలాగే ఉందేమిటి అనిపించిందంటే చాలాసార్లు కారణం ఇదే.

రాస్టీరియో అనే పైథాన్ లైబ్రరీతో వచ్చే రియో వార్ప్ ఇన్ని పనులు చేయదు, ఒక్క ఇన్‌పుట్ ఫైలునే తీసుకుంటుంది. దాని బలం --లైక్ అనే ఒక్క ఆప్షన్. ఒక నమూనా రాస్టర్‌ను చూపిస్తే దాని సీఆర్‌ఎస్, హద్దులు, పిక్సెల్ సైజు అన్నీ తీసుకుని అదే గ్రిడ్‌లో ఫలితం ఇస్తుంది. జీడాల్‌వార్ప్‌లో ఇదే పనికి -టీఈ (హద్దులు), -టీఎస్ (పిక్సెళ్ల సంఖ్య) విలువలను జీడాల్‌ఇన్ఫో నుంచి చూసి రాయాలి. పైగా రియో ఉన్న ఫైలును అడగకుండా తుడిచేయదు, --ఓవర్‌రైట్ లేకపోతే ఆగిపోతుంది. పైథాన్‌లో పనిచేసేవాళ్లు, పది పొరలను ఒకే గ్రిడ్‌కు తేవాలనుకునేవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు.

2025లో వచ్చిన జీడాల్ 3.11 నుంచి ‘జీడాల్ రాస్టర్ రీప్రొజెక్ట్’ అనే కొత్త తరహా కమాండు ఉంది. ఆప్షన్ల పేర్లు చదివితే అర్థమయ్యేలా ఉంటాయి. చదవడం, రీప్రొజెక్ట్, రాయడం వరసగా గొలుసు కట్టే పైప్‌లైన్ కూడా ఉంది కాబట్టి మధ్యలో తాత్కాలిక ఫైళ్లు మిగలవు. అయితే దీని ఇంటర్‌ఫేస్‌ను మార్చే హక్కు తమకుందని ప్రాజెక్టువాళ్లే రాసి పెట్టారు. చేతితో చేసే పనికి హాయిగా వాడండి. ఏళ్ల తరబడి నడవాల్సిన స్క్రిప్టులో ప్రస్తుతానికి పాత జీడాల్‌వార్పే ఉంచడం మేలు.

గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లోని ఆర్.ప్రోజ్ ఆలోచనే వేరు. లక్ష్య ప్రాజెక్టులోకి వెళ్లి, జీ.రీజియన్‌తో హద్దులూ రిజల్యూషనూ ముందే పెట్టుకుని, మూల ప్రాజెక్టు నుంచి రాస్టర్‌ను ‘లాగుతారు’. రీజియన్ పెట్టడం మరచిపోతే ఎక్కడిదో పాత రీజియన్ రిజల్యూషన్‌లో ఫలితం వస్తుంది. ఇందులో ఒక మంచి వెసులుబాటు ఉంది. పక్క పిక్సెళ్లను కలిపి లెక్కించే మామూలు బైలీనియర్, బైక్యూబిక్ పద్ధతులు ఆ పిక్సెళ్లలో ఒకటి ఖాళీ అయినా ఫలితాన్ని ఖాళీ చేస్తాయి, అంచులు అరిగిపోతాయి. చివర _ఎఫ్ ఉన్న రూపాలు అలాంటిచోట చిన్న పద్ధతికి దిగి విలువను నిలుపుతాయి. పని అంతా గ్రాస్‌లోనే జరుగుతుంటే ఇదే సరైనది. ఒక్క ఫైలు మార్చడం కోసం గ్రాస్ ప్రాజెక్టులు కట్టుకోవడం మాత్రం వృథా శ్రమ.

క్యూజిస్_ప్రాసెస్ ద్వారా నడిపే వార్ప్ వెనక జీడాలే ఉంటుంది, కొత్తగా కలిసొచ్చేది లేదు. ఓర్ఫియో టూల్‌బాక్స్‌ను ఉపగ్రహ చిత్రాల ఆర్థోరెక్టిఫికేషన్‌కూ (నేల ఎత్తుపల్లాల వల్ల జరిగిన స్థానాలను సరిచేయడం), ఒక చిత్రాన్ని ఇంకో చిత్రం గ్రిడ్ మీదకు తెచ్చే సూపర్‌ఇంపోజ్‌కూ పక్కన పెట్టుకోండి.

గ్రిడ్‌ను ప్రోగ్రాంకు వదిలేయకండి

లక్ష్య సీఆర్‌ఎస్‌ను చెప్పే -టీ_ఎస్ఆర్ఎస్ ఒక్కటే ఇస్తే జీడాల్ తనంతట తానే పిక్సెల్ సైజు నిర్ణయిస్తుంది. మూల చిత్రం కర్ణం మీద ఎన్ని పిక్సెళ్లున్నాయో దాదాపు అన్నే కొత్తదానిలోనూ ఉండేలా లెక్క కడుతుంది. దాంతో పిక్సెల్ సైజు దశాంశాల తోకతో వస్తుంది, మూల బిందువు ఎక్కడో అక్కడ పడుతుంది. ఒక్క ఫైలు చూసుకోవడానికైతే సరే. రెండు తేదీల చిత్రాలను తీసివేయాలన్నా, పక్కపక్క పలకలను అతకాలన్నా ప్రతి ఫైలుకూ వేరే గ్రిడ్ వస్తుంది, పిక్సెళ్లు ఒకదానిమీద ఒకటి కూర్చోవు.

దీనికి మందు -టీఆర్, -టాప్ కలిపి ఇవ్వడం. మొదటిది పిక్సెల్ సైజు, రెండోది హద్దులను ఆ సైజు గుణిజాలకు సర్దుతుంది. ఒకే సీఆర్‌ఎస్, ఒకే -టీఆర్, -టాప్‌తో చేసిన ఫైళ్లన్నీ వాటంతటవే ఒకే జాలానికి చెందుతాయి. ఎత్తు మోడల్‌ను యూటీఎంలోకి మార్చే కమాండు ఇలా ఉంటుంది (-ఆర్ రీశాంప్లింగ్ పద్ధతి, నోడేటా అంటే ‘ఇక్కడ డేటా లేదు’ అని చెప్పే విలువ):

జీడాల్‌వార్ప్ -టీ_ఎస్ఆర్ఎస్ ఈపీఎస్‌జీ:32633 -టీఆర్ 30 30 -టాప్ -ఆర్ బైలీనియర్ -ఎస్ఆర్‌సీనోడేటా -32768 -డీఎస్‌టీనోడేటా -32768 ఎత్తు.టిఫ్ ఎత్తు_యూటీఎం.టిఫ్

-టాప్ సున్నా నుంచి లెక్కించే గ్రిడ్‌నే ఇస్తుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రాస్టర్ గ్రిడ్ అరపిక్సెల్ పక్కకు ఉంటే అది కలవదు. అలాంటప్పుడు -టీఈ, -టీఎస్‌లతో ఆ రాస్టర్ హద్దులూ నిలువు, అడ్డ పిక్సెళ్ల సంఖ్యా కచ్చితంగా ఇవ్వాలి, లేదా రియో వార్ప్ --లైక్. -టీఆర్, -టీఎస్ రెండూ ఒకేసారి ఇవ్వడం కుదరదు. -టీఈ క్రమం ఎప్పుడూ కనిష్ఠ ఎక్స్, కనిష్ఠ వై, గరిష్ఠ ఎక్స్, గరిష్ఠ వై. 4326లో కూడా రేఖాంశమే ముందు, ఈపీఎస్‌జీ నిర్వచనంలో అక్షాంశం ముందున్నా సరే.

-టీఆర్ విలువ లక్ష్య సీఆర్‌ఎస్ యూనిట్లలో ఉండాలి. 4326కు మారుస్తూ ‘-టీఆర్ 30 30’ అంటే ముప్పై డిగ్రీల పిక్సెల్ అడిగినట్టు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ సుమారు 111.32 కిలోమీటర్లు కాబట్టి 10 మీటర్లంటే దాదాపు 0.00009 డిగ్రీలు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశం డిగ్రీ నేలమీద సగమే ఉంటుంది, కాబట్టి అదే పిక్సెల్ తూర్పు పడమరల్లో 5 మీటర్లే. చదరంగా ఉంచాలన్న పట్టుదలతో అక్కడ అనవసరంగా రెట్టింపు పిక్సెళ్లు మోస్తారు.

సీఆర్‌ఎస్ ఎంపిక మాటకొస్తే, వాలు, దూరం, పొడవు లాంటి స్థానిక లెక్కలకు యూటీఎం. ఉత్తరార్ధగోళంలో కోడు 326 తర్వాత జోన్ అంకె, దక్షిణాన 327 తర్వాత జోన్ అంకె. చిత్రం రెండు జోన్ల మీద పడితే ఎక్కువ భాగం ఉన్న జోన్ తీసుకుంటే చాలు. అంతకంటే విశాలమైన ప్రాంతంలో క్షేత్రఫలాలు కావాలంటే సమక్షేత్ర ప్రొజెక్షన్ తీసుకోవాలి. ప్రపంచం మొత్తానికి ఈపీఎస్‌జీ:6933, యూరప్‌కు ఈపీఎస్‌జీ:3035 లాంటివి. వెబ్ మెర్కేటర్, అంటే ఈపీఎస్‌జీ:3857, వెబ్ పలకల కోసం పుట్టింది, అక్కడే ఉండనివ్వండి. 45 డిగ్రీల దగ్గర అందులో క్షేత్రఫలం రెండింతలు, 60 దగ్గర నాలుగింతలు. యూనిట్ మీటర్ అని రాసి ఉంటుంది కాబట్టి నమ్మి మోసపోయేవాళ్లు చాలామంది.

రీశాంప్లింగ్: అసలు నిర్ణయం ఇక్కడ

జీడాల్‌వార్ప్, రియో వార్ప్, ఆర్.ప్రోజ్ మూడింటిలోనూ ఏమీ చెప్పకపోతే వచ్చేది నియరెస్ట్. అంటే కొత్త పిక్సెల్ కేంద్రానికి దగ్గరున్న పాత పిక్సెల్ విలువను యథాతథంగా తీసుకోవడం. విలువ మారదు గానీ స్థానం అరపిక్సెల్ దాకా తప్పొచ్చు.

భూవినియోగ క్లాసులు, గుర్తింపు సంఖ్యలు, నాణ్యత బిట్‌మాస్కులు, వీటికి -ఆర్ నియర్ తప్ప వేరే ఆలోచన వద్దు. క్లాసు 2 అడవి, క్లాసు 4 నీరు అయితే బైలీనియర్ వాటి మధ్య 3 పుట్టిస్తుంది, అది పట్టణం కావచ్చు. ల్యాండ్‌శాట్ క్యూఏ పిక్సెల్ బ్యాండ్‌లో అంకె విలువకు అర్థమే లేదు, అందులోని ఒక్కో బిట్‌కు ఉంది. రెండు అంకెల సగటు తీస్తే మేఘం బిట్టూ మంచు బిట్టూ ఇష్టం వచ్చినట్టు వెలుగుతాయి.

ఎత్తు మోడల్‌కు నియరెస్ట్ తప్పు ఎంపిక. వార్ప్ చేసిన గ్రిడ్‌లో అక్కడక్కడా ఒక వరుస రెండుసార్లు వస్తుంది, లేదా ఒక వరుస ఎగిరిపోతుంది. ఎత్తుల చిత్రం చూస్తే తేడా కనిపించదు. హిల్‌షేడ్ (కొండల వెలుగునీడల చిత్రం) తీయగానే మెట్లమెట్లుగా చారలు బయటపడతాయి, వాలు లెక్కలో ఆ చారల దగ్గర లేని కొండచరియలు వస్తాయి. బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ ఇవ్వండి. హిల్‌షేడ్, వాలు, దిశ లాంటివి వార్ప్ చేసిన ఎత్తుల నుంచి తీయాలి, తీసినవాటిని వార్ప్ చేయకూడదు.

బైలీనియర్ నాలుగు పిక్సెళ్లు, క్యూబిక్ పదహారు, లాంక్జోస్ ముప్పై ఆరు చూస్తాయి. ఎక్కువ చూస్తే ఎక్కువ మంచిదనుకోవద్దు. క్యూబిక్, లాంక్జోస్‌లలో కొన్ని బరువులు రుణాత్మకం కాబట్టి పదునైన అంచు దగ్గర ఫలితం ఇరుగుపొరుగు విలువల కంటే పైకో కిందికో దూకుతుంది. తీరరేఖ దగ్గర సముద్రమట్టం కంటే లోతైన గుంటలు, ప్రతిఫలన విలువల్లో సున్నా కంటే తక్కువ అంకెలు అలా వచ్చేవే. కంటితో చూసే చిత్రానికి క్యూబిక్ చక్కగా ఉంటుంది, అంచులు తేటగా కనిపిస్తాయి. విలువలతో లెక్క కట్టేవాళ్లకు బైలీనియర్ నిలకడ. లాంక్జోస్‌ను ప్రకాశవంతమైన కట్టడాలున్న చిత్రాల మీద వాడితే అంచుల చుట్టూ వలయాలు తేలతాయి. క్యూబిక్‌స్ప్లైన్ దూకదు గానీ చిత్రాన్ని మెత్తబరుస్తుంది.

పెద్ద పిక్సెల్‌కు వెళ్లేటప్పుడు లెక్క మారుతుంది. 10 మీటర్ల నుంచి 100 మీటర్లకు వెళితే ఒక కొత్త పిక్సెల్ కింద వంద పాతవి ఉంటాయి. నియర్ వాటిలో ఒక్కదాన్ని తీసుకుని తొంభై తొమ్మిదింటిని పారేస్తుంది. జీడాల్ 2.0 నుంచి బైలీనియర్, క్యూబిక్‌లు తగ్గింపు నిష్పత్తిని బట్టి తమ కిటికీని వెడల్పు చేసుకుంటాయి కాబట్టి వాటితో పెద్ద నష్టం లేదు. అయినా కొలిచిన విలువల సగటే కావాలంటే -ఆర్ ఆవరేజ్ అడగండి. ఓడల మార్గానికి లోతులు తగ్గించేటప్పుడు సగటు ప్రమాదకరం, ఒంటరి రాతిగుట్ట అందులో మాయమవుతుంది. ఎత్తులుగా రాసిన డేటాలో -ఆర్ మాక్స్ ఇస్తే అతి తక్కువ లోతు నిలుస్తుంది.

క్లాసులకు -ఆర్ మోడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన క్లాసు. దాని పక్షపాతం కూడా తెలుసుకోండి. సన్నటి వాగులు, రోడ్లు ఎక్కడా మెజారిటీ కావు కాబట్టి మొత్తంగా తుడిచిపెట్టుకుపోతాయి, విస్తారమైన క్లాసులు ఇంకా పెరుగుతాయి. విస్తీర్ణం కావాలంటే ఇంకో దారి ఉంది. జీడాల్_కాల్క్‌తో ఒక్కో క్లాసుకు 0, 1 రాస్టర్ చేసి, దాన్ని ఆవరేజ్‌తో తగ్గిస్తే ప్రతి పిక్సెల్‌లో ఆ క్లాసు వాటా వస్తుంది. అక్కడ -ఓటీ ఫ్లోట్32 మరచిపోతే 0.37 లాంటి విలువలు పూర్ణాంకాలై మళ్లీ 0, 1లే మిగులుతాయి.

జనాభా లెక్క, టన్నులు, పిడుగుల సంఖ్య లాంటి ‘పిక్సెల్‌కు ఎన్ని’ అనే డేటా పూర్తిగా వేరే జాతి. పిక్సెల్ సైజును సగం చేసి నియర్ వాడితే ఒక్కో మనిషీ నలుగురవుతాడు. జీడాల్ 3.1లో వచ్చిన -ఆర్ సమ్ దీనికోసమే. పంచుతుంది, కూడుతుంది, మొత్తాన్ని నిలుపుతుంది. అదే డేటా చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని ఉంటే సమ్ వద్దు, ఆవరేజో బైలీనియరో చాలు. అంటే ఫైలు తెరిచే ముందు దాని యూనిట్ చదవాలి.

నేరుగా సగటు తీయకూడని విలువలు ఇంకా ఉన్నాయి. గాలి దిశ, వాలు దిశ లాంటి కోణాల్లో 359కీ 1కీ సగటు 180 అవుతుంది, ఉత్తరం కాస్తా దక్షిణమవుతుంది. సైన్, కొసైన్ బ్యాండ్లుగా విడదీసి వార్ప్ చేసి మళ్లీ కోణం కట్టాలి. రాడార్ డేటా డెసిబెల్స్‌లో ఉంటే ముందు లీనియర్ పవర్‌లోకి మార్చాలి. -10, -20 డెసిబెల్స్ సగటు డెసిబెల్ లెక్కలో -15, అసలు శక్తి ప్రకారం -12.6. రంగుల పాలెట్ ఉన్న చిత్రానికి నియర్, మోడ్ తప్ప ఏదీ పనికిరాదు. నునుపు కావాలంటే ముందు జీడాల్_ట్రాన్స్‌లేట్‌లో -ఎక్స్‌పాండ్ ఆర్‌జీబీతో మూడు బ్యాండ్లు చేయండి.

ఇంకొక్క దాపరికం చెప్పాలి. మూల ఫైలులో ఓవర్‌వ్యూలు, అంటే ముందే రిజల్యూషన్ తగ్గించి పెట్టిన నకళ్లు, ఉంటే, రిజల్యూషన్ తగ్గించేటప్పుడు జీడాల్‌వార్ప్ వేగం కోసం వాటినే చదువుతుంది. ఆ ఓవర్‌వ్యూలు ఎవరో నియరెస్ట్‌తో కట్టి ఉంటే, మీరు ఆవరేజ్ అడిగినా వచ్చేది సగం నియరెస్టే. క్లాసు రాస్టర్‌కు ఓవర్‌వ్యూలు ఆవరేజ్‌తో కట్టి ఉంటే మోడ్ అడిగినా లేని క్లాసులు వస్తాయి. విలువలు ముఖ్యమైనచోట -ఓవీఆర్ నన్ ఇవ్వండి. నెమ్మదిస్తుంది, కానీ అసలు పిక్సెళ్లనే చదువుతుంది.

అంచులు, నోడేటా, ఆల్ఫా

వార్ప్ తర్వాత చిత్రం కాస్త తిరిగి కూర్చుంటుంది, నాలుగు మూలల్లో ఖాళీ త్రికోణాలు మిగులుతాయి. వాటిని ఏం చేయాలో చెప్పకపోతే సున్నాతో నిండుతాయి. మూలంలో ఖాళీలకు గుర్తు లేకపోతే ఇంకా చిక్కు. బైలీనియర్ ఆ ఖాళీ విలువను కూడా నిజమైన కొలతగా కలిపేసి అంచు పొడవునా తప్పుడు అంకెల పట్టీ వేస్తుంది. సెంటినెల్-2 ఉపగ్రహ బ్యాండ్లలో 0 అంటే డేటా లేదని అర్థం, ఫైలు ఆ సంగతి చెప్పకపోతే మీరే -ఎస్ఆర్‌సీనోడేటా 0 ఇవ్వాలి. గుర్తు ఉంటే జీడాల్ ఆ పిక్సెళ్లను వదిలి మిగిలినవాటి బరువులను సర్దుకుంటుంది.

శాస్త్రీయ డేటాకు నోడేటా విలువ, ఎనిమిది బిట్ల రంగుచిత్రానికి -డీఎస్‌టీఆల్ఫా (పారదర్శకత బ్యాండ్). రంగుచిత్రంలో 0 నిజమైన నల్లని నీడ కూడా కావచ్చు, దాన్ని నోడేటాగా ప్రకటిస్తే చిత్రం నిండా చిల్లులు పడతాయి. జేపెగ్ కుదింపుతో వచ్చిన మూలంలో నల్ల అంచు సరిగ్గా 0 ఉండదు, 1, 2, 5 అని మరకలుంటాయి. అక్కడ ముందు నియర్‌బ్లాక్‌ను -సెట్‌ఆల్ఫాతో నడపాలి.

హద్దు గీతతో కత్తిరించడానికి -కట్‌లైన్. దానికి -క్రాప్_టు_కట్‌లైన్ జోడిస్తే అవుట్‌పుట్ హద్దులు బహుభుజి హద్దులకు కుదించుకుపోతాయి. రీప్రొజెక్షన్‌తో కలిపి చేస్తే గ్రిడ్ మళ్లీ పిక్సెల్ భాగాల్లో జరుగుతుంది కాబట్టి ఇక్కడా -టీఆర్, -టాప్ తప్పనిసరి.

180 డిగ్రీల రేఖాంశం దాటే చిత్రాన్ని 4326లోకి మారిస్తే ప్రపంచమంత వెడల్పున, మధ్యలో అంతా ఖాళీగా ఉన్న ఫైలు వస్తుంది. లక్ష్య సీఆర్‌ఎస్‌ను ప్రోజ్ (జీడాల్ వాడే ప్రొజెక్షన్ లైబ్రరీ) స్ట్రింగ్‌గా రాసి లాన్_ర్యాప్=180 చేర్చితే చిత్రం ఒక్కచోట ఉంటుంది.

నియంత్రణ బిందువులు: పాలినోమియల్, టీపీఎస్, ఆర్‌పీసీ

స్కాన్ చేసిన పటానికి జీడాల్_ట్రాన్స్‌లేట్ -జీసీపీతో నియంత్రణ బిందువులు (నేలమీద స్థానం తెలిసిన గుర్తులు) పెట్టాక వార్ప్ ఎలా చేయాలన్నది ఎంపిక. పాలినోమియల్ స్థాయిని చెప్పే -ఆర్డర్ 1కి కనీసం 3 బిందువులు, 2కి 6, 3కి 10. కనీసం అంటే సమీకరణం నిలబడేంత మాత్రమే, తప్పు పట్టుకోవడానికి అదనపు బిందువులు ఉండాలి. రెట్టింపు పెట్టుకోండి. ఏమీ చెప్పకపోతే 6 బిందువులు చేరగానే జీడాల్ రెండో ఆర్డర్‌కు వెళుతుంది. చదునైన స్కానర్‌లో తీసిన, గ్రిడ్ గీతలున్న పటానికి మొదటి ఆర్డరే సరి. ఒక బిందువు తప్పుగా పెట్టినా మిగతావి దాన్ని అణిచిపెడతాయి. మూడో ఆర్డర్ బిందువుల మధ్య బాగుంటుంది, వాటి బయట ఉన్న మూలలను ఎక్కడికో విసిరేస్తుంది.

-టీపీఎస్ రబ్బరు షీటు లాంటిది. ప్రతి బిందువు గుండా కచ్చితంగా పోతుంది. ముడతలు పడ్డ కాగితం, అసలు ప్రొజెక్షనే తెలియని పాత పటం అయితే ఇదే దారి. దాని లోపం కూడా ఆ కచ్చితత్వమే. తప్పు బిందువును కూడా విధేయంగా పట్టుకుని చుట్టుపక్కలంతా వంచేస్తుంది, శేషం సున్నా చూపిస్తుంది కాబట్టి అంకెల్లో తప్పు దొరకదు. ముందు ఆర్డర్ 1తో నడిపి ఎక్కువ తేడా ఉన్న బిందువులను సరిచేసి, ఆ తర్వాతే టీపీఎస్‌కు మారండి.

ఉపగ్రహ చిత్రంతో ఆర్‌పీసీ గుణకాలు (నేలమీది స్థానాన్ని పిక్సెల్‌తో కలిపే సూత్రాలవి) వస్తే -ఆర్‌పీసీ, దానితో పాటు -టీఓ ఆర్‌పీసీ_డెమ్=ఎత్తుల ఫైలు. ఎత్తుల ఫైలు లేకుండా ఒకే ఎత్తు వాడితే చదునైన నేలలో పరవాలేదు. కొండల్లో పక్కకు వాలి తీసిన చిత్రం పదుల మీటర్లు జరుగుతుంది. ఆర్‌పీసీ ఎత్తులు దీర్ఘవృత్తజం (భూమి ఆకారపు గణిత నమూనా) నుంచి లెక్క, ఎస్ఆర్‌టీఎం అనే ఎత్తుల డేటాలోవి ఈజీఎం96 జియోయిడ్ (సగటు సముద్రమట్టపు నమూనా) నుంచి. ఎత్తుల ఫైలులో నిలువు డేటమ్ (ఎత్తులు దేన్నుంచి లెక్కో) రాసి ఉంటే జీడాల్ తేడా సర్దుతుంది, లేకపోతే సర్దదు. ఆ తేడా భూమి మీద సుమారు -106 నుంచి +85 మీటర్ల దాకా మారుతుంది.

డేటమ్ మార్పు

డేటమ్ అంటే నిర్దేశాంకాలకు ఆధారమైన భూమి నమూనా. పాత స్థానిక డేటమ్‌ల నుంచి వచ్చేటప్పుడు కచ్చితత్వం, డేటమ్‌ల తేడాలు రాసి ఉండే ప్రోజ్ గ్రిడ్ ఫైళ్ల మీద ఉంటుంది. అవి మీ యంత్రంలో లేకపోతే ప్రోజ్ తక్కువ కచ్చితత్వం ఉన్న దారి పడుతుంది. ఉత్తర అమెరికాలో ఎన్ఏడీ27 అనే పాత డేటమ్‌లోని డేటా పదుల మీటర్లు పక్కకు పడటానికి ఇదొక సాధారణ కారణం. ప్రోజ్ 7 నుంచి ప్రోజ్_నెట్‌వర్క్=ఆన్ అని పర్యావరణ వేరియబుల్ పెడితే గ్రిడ్‌లను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని సర్వరుకు ముందే ప్రోజ్‌సింక్‌తో దింపుకోండి. ప్రోజ్‌ఇన్ఫోకు రెండు సీఆర్‌ఎస్‌లూ ఇస్తే ఉన్న దారులు, ఒక్కోదాని కచ్చితత్వం మీటర్లలో, కావలసిన గ్రిడ్ ఉందా లేదా అన్నీ చెబుతుంది. నచ్చిన దారిని జీడాల్‌వార్ప్‌లో -సీటీతో బలవంతం చేయొచ్చు.

డబ్ల్యూజీఎస్84 భౌగోళికం నుంచి డబ్ల్యూజీఎస్84 యూటీఎంకు వెళ్లేవాళ్లు ఈ భాగాన్ని మరచిపోవచ్చు, అక్కడ డేటమ్ మార్పే లేదు.

అవుట్‌పుట్, సైజు, వేగం

జీడాల్‌వార్ప్‌కు నేరుగా -సీఓ కంప్రెస్=డిఫ్లేట్ ఇస్తే పనవుతుంది గానీ ఫైలు ఒక్కోసారి అవసరానికి మించి ఉబ్బుతుంది. వార్ప్ ముక్కలు ముక్కలుగా రాస్తుంది. ఒకే టిఫ్ బ్లాకును రెండోసారి రాసినప్పుడు కుదించిన సైజు పెరిగితే అది ఫైలు చివరకు పోతుంది, పాత చోటు ఖాళీగా మిగులుతుంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది, -ఓఎఫ్ వీఆర్‌టీతో వార్ప్ చేసి ఆ చిన్న ఫైలును జీడాల్_ట్రాన్స్‌లేట్‌తో కుదించడం. వీఆర్‌టీలో పిక్సెళ్లుండవు, వంటకం మాత్రమే ఉంటుంది, కాబట్టి ఆప్షన్లు మార్చి చూసుకోవడానికి కూడా ఇది హాయి. రెండోది, జీడాల్ 3.1 నుంచి ఉన్న -ఓఎఫ్ సీఓజీ (క్లౌడ్‌కు అనువుగా అమర్చిన టిఫ్). అది తాత్కాలిక ఫైలు మీదుగా తనే శుభ్రంగా రాస్తుంది, ఓవర్‌వ్యూలు కూడా కడుతుంది. పాలెట్ లేని క్లాసు రాస్టర్‌కు సీఓజీ ఓవర్‌వ్యూలు డిఫాల్ట్‌గా క్యూబిక్‌తో కట్టబడతాయి. ఓవర్‌వ్యూ_రీశాంప్లింగ్=నియరెస్ట్ అని మీరే చెప్పాలి.

కుదింపులో ప్రెడిక్టర్ (పక్క పిక్సెళ్ల తేడాలను కుదించే సర్దుబాటు) మరచిపోవద్దు. పూర్ణాంకాలకు 2, దశాంశాలకు 3. ఫైలు 4 జీబీ దాటే అవకాశం ఉంటే బిగ్‌టిఫ్=ఇఫ్_సేఫర్. గంటల తరబడి నడిచి చివర్లో ఆగిపోవడం కంటే ఇది నయం.

వేగానికి మూడు మీటలున్నాయి. -డబ్ల్యూఎం అంటే వార్ప్ మెమరీ, డిఫాల్ట్ 64 ఎంబీ మాత్రమే. సెంటినెల్-2 పలక 10 మీటర్ల బ్యాండ్ 10980 × 10980 పిక్సెళ్లు, 16 బిట్లలో సుమారు 241 ఎంబీ. చిన్న మెమరీలో అది చాలా ముక్కలవుతుంది, అంచులు పదేపదే చదవాల్సి వస్తుంది. 1000 లేదా 2000 ఇవ్వండి. 10000 కంటే తక్కువ అంకెను ఎంబీగానూ, అంతకు మించితే బైట్లుగానూ తీసుకుంటుంది, కాబట్టి ఉదారంగా 20000 రాస్తే దక్కేది 20 కేబీ. -మల్టీ చదవడాన్నీ లెక్కనూ సమాంతరంగా నడుపుతుంది, లెక్కను మాత్రం విడగొట్టదు. దానికి -డబ్ల్యూఓ నమ్_థ్రెడ్స్=ఆల్_సీపీయూస్ కావాలి, రెండూ కలిపే వాడండి. జీడాల్_క్యాష్‌మాక్స్ వేరే జ్ఞాపకం, డిఫాల్ట్‌గా యంత్రం మెమరీలో 5 శాతం.

-ఈటీ 0 ఇస్తే ప్రతి పిక్సెల్‌కూ కచ్చితమైన రూపాంతరం లెక్కిస్తుంది. డిఫాల్ట్ 0.125 పిక్సెల్ తేడాను అనుమతించి మధ్యలో సరళరేఖగా అంచనా వేస్తుంది, అందుకే అది వేగంగా ఉంటుంది. చాలా పనులకు ఆ డిఫాల్టే చాలు. సబ్‌పిక్సెల్ స్థాయిలో కదలికలు కొలిచేవాళ్లు మాత్రం 0కి మారాలి.

ఫలితాన్ని చూసుకోవడం

రెండు ఫైళ్లనూ జీడాల్‌ఇన్ఫో -స్టాట్స్‌తో చూడండి. బైలీనియర్, ఆవరేజ్‌ల తర్వాత కనిష్ఠం తగ్గకూడదు, గరిష్ఠం పెరగకూడదు. పెరిగిందంటే నోడేటా కలిసిపోయినట్టు. క్లాసు రాస్టర్‌లో కొత్త అంకెలేమైనా కనిపించాయా చూడండి. సమ్ వాడితే రెండు ఫైళ్ల మొత్తం పోల్చండి. ఒకే గ్రిడ్‌లో ఉండాల్సిన ఫైళ్లకు మూల బిందువు, పిక్సెల్ సైజు, వరుసలు, నిలువుల సంఖ్య చివరి దశాంశం దాకా ఒకటే ఉండాలి. తర్వాత జీడాల్‌లొకేషన్‌ఇన్ఫోను -డబ్ల్యూజీఎస్84తో, స్పష్టంగా తెలిసిన రెండు మూడు చోట్ల రేఖాంశం, అక్షాంశం ఇచ్చి పాత, కొత్త ఫైళ్లలో చదవండి. ఆ చోట్లను మధ్యలో కాకుండా మూలలకు దగ్గరగా ఎంచుకోండి. డేటమ్ తప్పు ఎక్కడ చూసినా దొరుకుతుంది గానీ, పాలినోమియల్ వంపు, తప్పు జోన్ వల్ల వచ్చే సాగుడు మూలల్లోనే ఎక్కువగా బయటపడతాయి.